పెద్దింటి మేపు

ఆ మంచం మీద కూసోకు పటేలమ్మా, దాని కోడు ఇరిగింది. ఎట్ల ఇరిగిందంటవా? మీ ఇంటి గుడ్లు తిన్న మా అంకిత దాని మీద కూసున్నది, ఇరిగింది. ఇగో, ఈ కుర్చీల కూసో. ప్లాస్టిక్‌దే గని పొద్దుగాలనే కడిగిన.

ఆ లడ్డూల డబ్బ కింద పెట్టకు, చీమలున్నయి. గూట్ల పెట్టు. నీ మనుమరాలు స్నిగ్ధ బాక్సింగ్‌ల గెలిచిందని ఊరూరు పంచుతున్నరట గద. అలియాబాద్‌ల పంచిన్రు, శామీర్‌పేటల పంచిన్రు, చెరువుల చేపలకు గూడ తలా ఒకటి అందినయట. నా కొడుకు భిక్షం వల ఏస్తె ఒక్క చేప పడుతలేదు. కడుపు నిండినంక అవి మాత్రం ఎందుకు పడ్తయి?

నవ్వు, నవ్వు. నేను ఇట్లనే మాట్లాడుతనని నీకు తెల్సు. గని ఈ నవ్వు పైపైదే పటేలమ్మా, లోపల కుతకుత ఉడుకుతాంది. నువ్వొచ్చిన పని తర్వాత చెప్పుదువు. ముందుగాల నా మాట విను. నీకు తెల్వని ముచ్చట్లు కావు, అయినా నా నోట విను. మీ ఇంట్ల ఈ ముచ్చటనే వేరే తీరుగ చెప్పుకుంటున్నరని నా చెవుల పడ్డది. మీరేదో దయతలిచిన్రు, మా పిల్లకే చాతకాలేదు, అంతే గద?

మా మనుమరాలిని అడుగుతందుకు మొదలు వచ్చింది ఎవలు? నువ్వే. మీ పాత కోళ్ల షెడ్డు ఊడ్పిచ్చి, తాళ్లు కట్టి, సంచులు ఏలాడదీసి నీ కొడుకు ప్రతాపు పటేలు బాక్సింగ్ క్లబ్బు పెట్టిననాడు, 'పెద్దమ్మా, మా స్నిగ్ధ ఒక్కతే ఆడపిల్ల, తోడుగ నీ అంకితను పంపు' అంటివి. పెద్దింటోళ్లు గడప తొక్కి అడిగితె కాదంటనా? పంపిన. తోడుకు పంపిన పిల్ల మీ పిల్లను కొట్టుడు నేర్చుకుంటదని నాకేం తెల్సు?

అది ఎట్ల కొట్టేదో చూస్తివి గద. అది జిమ్ముల వచ్చిన సత్తువ గాదు, నాయినెంబడి వల గుంజిన సత్తువ. మాటలు సక్కగ రానప్పుడే చెరువుల తెప్ప మీద నిలబడ్డది. నీళ్ల మీద ఊగే తెప్ప మీద పడకుండ నిలబడ్డ పిల్లకు మీ రింగు ఒక లెక్కనా? ఇటు ఉన్నదనుకుంటె అటు ఉండేది. స్నిగ్ధ ఒక గుద్దు ఏసేటాళ్లకు మా పిల్ల కీసరగుట్టకు పోయి, దేవుని మొక్కి, ప్రసాదం తిని, మళ్లొచ్చి నిలబడేది.

ఆ దినం స్నిగ్ధ ముక్కు పగిలింది. అబద్ధమెందుకు, కారింది రెండు బొట్లే. గని నేను ఊర్ల ఏమని చెప్పిన్నో నీకు తెల్సు. నెత్తురు కాలువ పారి కరీంనగర్ రోడ్డు మీద బస్సులు ఆగిపోయినయని చెప్పిన. నా నోరు ఊకోది.

తెల్లారే ప్రతాపు పటేలు కారు మా వాకిట్ల ఆగింది. తిట్టనీకె వచ్చిండని మా భిక్షం భుజం మీది తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు. పటేలు నవ్వుకుంట దిగిండు.

'భిక్షం, ఇద్దరు పిల్లలు ఒక్క తూకంల ఉంటె ఒకలికొకలు అడ్డం. క్లబ్బు నుంచి తూకానికి ఒక్కలే సెలక్షన్లకు పోతరు. మీ అంకిత ఎముక పెద్దది. జర కండ పెంచితె పై తూకంల ఆడుతది. ఒక్క ఊరికి రెండు మెడల్లు. తిండి సంగతి నాకు ఇడిసిపెట్టు' అన్నడు.

సెలక్షనయితె స్పోర్ట్స్ హాస్టల్ల సీటని గూడ అన్నడు. తిండి, చదువు, బట్ట అన్నీ సర్కారే చూసుకుంటదన్నడు. మా పిల్ల అండ్లనే పడ్డది. ఇంటర్ అయినంక దాన్ని చదివిచ్చే తాకతు మాకు లేదని దానికి ఎరుకే. ఆ సీటు మీదనే పాణమంత పెట్టుకున్నది.

ఇగ మొదలైంది మీ మేపు.

గుడ్లు వచ్చినయి. మేడ్చల్ దిక్కు ఫారాలల్ల కోళ్లన్నీ మా అంకిత పేరు చెప్పుకొని ఏడ్చినయి. యాటకూర వచ్చింది, నెయ్యి వచ్చింది, బాదాములు వచ్చినయి. డబ్బల ఒక పిండి వచ్చింది, పాలల్ల కలుపుకొని తాగితె కండ వస్తదట. ఎట్లుంటదో అని నేనొక చెంచ నోట్లేసుకున్న. మోకాళ్ల నొప్పులు మాయం. ఎదురింటామె నీళ్ల కాడ ఏదో అన్నదని కొంగు నడుముకు చెక్కి కుస్తీకి రమ్మన్న.

పొద్దుగాల ఉరుకుడు. ఆ తర్వాత భుజాల మీద ఇనుప కడ్డి పెట్టుకొని కూసొని లేసుడు. మాపటికి సంచిని గుద్దుడు. తొడలు పట్టుకపోయి గోడ ఆసర లేకుండ గడప దిగకపోయేది పాపం. నేనేం తక్కువ తిన్ననా? శనగలు నానబెట్టిన, ఉలవలు ఉడకబెట్టిన, చేప తలకాయల పులుసు పెట్టి ముందట పెట్టిన. 'అవ్వా, కడుపు పగుల్తది' అనేది. 'పగిలితె కుడ్త, తిను' అన్న.

నువ్వు గూడ వచ్చేదానివి. వచ్చినప్పుడల్ల దాని దండచెయ్యి ఒత్తి చూసేదానివి. 'ఎక్కుతాంది పెద్దమ్మా, ఇంకింత ఎక్కాలె' అనేదానివి. నేను మురిసి ముక్కలై నీకు చాయ్ పోసేదాన్ని. ఇగో, ఇయ్యాల గూడ పోసిన, అందుకో.

క్లబ్బుల ఆట నేర్పే సందీప్ సారు ఒక్కడే ఒక మాట అన్నడు. 'అవ్వా, ఆడేటోళ్లకు కండ ఇంత జల్దీ పెంచొద్దు. మెల్లగ, ఏడాది పట్టాలె. ఒళ్లు పెరిగినంత జల్దీ దమ్ము పెరగది, కాలు అలవాటు పడది' అన్నడు. ఇంకేదో చెప్పబోయిండు. అంతల ప్రతాపు పటేలు షెడ్డులకు వచ్చిండు. సారు ఈల ఊదుకుంట అటు పోయిండు. జీతమిచ్చేటోని ముందట ఈల తప్ప ఇంకేం ఊదుతడు?

మా భిక్షం గూడ అన్నడు. 'అమ్మా, ఇది ఎక్కితె తెప్ప ఒక దిక్కు ఒరుగుతాంది. మునుపటి లెక్క నిలబడ్తలేదు' అన్నడు. నేనే కసిరిన. 'నీ తెప్ప మీద బతుకుడు దానికెందుకురా, అది హాస్టల్‌కు పోయేది' అన్న.

సెలక్షన్లకు మీ కార్లనే పోయినం గద. ఏసీ పెట్టిచ్చినవు, చెగోడీలు పెట్టినవు. అన్నీ యాదికున్నయి.

ఆ పై తూకం పిల్లలను నువ్వు గూడ చూస్తివి గద. మా అంకిత మీదికి వచ్చిన పిల్ల చెయ్యి శామీర్‌పేటల మొదలైతె అలియాబాద్‌ల ఒడుస్తది. అది పుట్టుడే ఆ తూకానికి పుట్టింది. మాది మేపితె ఎక్కిన తూకం. మొదటి రౌండు బాగనే కొట్టింది. నువ్వు గూడ చప్పట్లు కొట్టినవు, కాదన. రెండో రౌండుకు ఒడ్డున పడ్డ చేప లెక్క నోరు తెరిచింది. మూడో రౌండుల ఇటు ఉన్నదనుకుంటె ఇటే ఉన్నది. దెబ్బ వస్తాందని దాని కండ్లకు తెలుస్తాంది, కాలు కదులుతలేదు. పడితె బాగుండు అనిపించింది నాకు. పడలే. నిలబడి అన్ని దెబ్బలు తిన్నది.

తర్వాత కింది తూకంల మీ స్నిగ్ధ ఆట. ఆఖరికి ఎదురొచ్చిన పిల్ల ఎవలు? పోయినేడు మా అంకిత చేతుల ఓడి ఏడ్సుకుంట పోయిన పిల్లనే. స్నిగ్ధ గెలిచింది. దాని కష్టం అది పడ్డది, దాన్ని నేనేమన.

గని నీ కొడుకు ఏం జేసిండు? నా ముందటి వరసల కూసొని సందీప్ సారు భుజం చరిచిండు. 'చెప్పిన గద సార్, అడ్డం తీసేస్తె మా పిల్లదే' అన్నడు. నాకు చెవుడని ఆయన నమ్మకం. నా చెవుడు నాకు పనికొచ్చే కాడనే ఉంటది పటేలమ్మా. ఓటు ఎవలకని అడిగితె ఇనబడది.

ఏందీ? ఆ మాట అననే అనలేదా? నువ్వు పక్కనే ఉంటివి. నువ్వేమన్నవో గూడ చెప్పనా? 'మెల్లగరా, పెద్దమ్మ వెనుకనే ఉన్నది' అన్నవు.

ఆఁ. చాయ్ గ్లాసు దిక్కు చూస్తె ఏమొస్తది, నా దిక్కు చూడు.

ఇంటికొచ్చే దారిల కార్ల నేనొక్క మాట మాట్లాడలే. నేను మాట్లాడకుంటెనే నీకు భయమైందట, డ్రైవరు చెప్పిండు. అప్పుడు నా మనసుల ఏం తిరుగుతాందో తెల్సా? ఎల్లమ్మ పండుగ పొట్టేలు. మొక్కు పొట్టేలును ఊరి మీద ఇడుస్తం గద. ఎవల చేన్ల పడ్డా ఎవలు కొట్టరు. ఏ వాకిట్ల నిలబడ్డా పిడికెడు పెడ్తరు. పోయేటోళ్లు వచ్చేటోళ్లు దాని ఈపు ఒత్తి చూసి 'ఎక్కింది' అంటరు. ఊరికి తనంటె మస్తు ప్రేమ, పావురమని అదనుకుంటది. నా బతుకుల అసొంటి పొట్టేళ్లను లక్ష మేపిన. లక్ష మేపిన చేతులకు, ఇంటి పిల్లను మేపుతుంటె తెల్వకపాయె. నానబెట్టిన శనగలు గూడ అవే గద పటేలమ్మా.

సీటు పాయె. ఇంకో మాట విన్న, నిజమో అబద్ధమో నువ్వే చెప్పాలె. మీ స్నిగ్ధకు హాస్టల్ల ఉండుడు నప్పదని, ఇంట్లనే ఉండి చదువుకుంటదని ఆ సీటు మీరే వద్దన్నరట. ఇంకెవలకో పోయిందట.

కొంగు సదురుకుంటున్నవు. సరే.

మళ్ల కింది తూకానికి దిగుమని అందరు అంటున్నరు. ఎక్కిచ్చిన కండ గోడ మీది సున్నమా, గీకితె రాలనీకె? దించితె సత్తువ పోతది, ఉంచితె దమ్ము చాలది. ఇప్పుడు పొద్దుగాల్ల కోళ్ల ఫారంల కూలికి గుడ్లు ఏరుతాంది మా పిల్ల. ఏరుతది గని ఒక్కటి నోట్ల పెట్టది.

స్నిగ్ధ వచ్చింది, నీకు చెప్పిందో లేదో. స్కూటీ గేటు అవతల పెట్టి, ఇదే గడపల నిలబడి, 'డాడీ ఇట్ల ఆలోచించిండని నాకు తెల్వదే అంకితా' అని ఏడ్చింది. మా పిల్ల ఏమన్నది? 'నీ ఎడమ చెయ్యి కిందికి జారుతాంది. పెద్ద ఆటల్ల దొరికిపోతవు, చూసుకో' అన్నది. గంతే. నేనైతె చీపురు తీసేదాన్ని.

ఇగ నువ్వొచ్చిన పని నేనే చెప్త. స్నిగ్ధ పెద్ద ఆటలకు ఢిల్లీ పోయే ముందట గట్టిగ కొట్టే తోడు కావాలె. ఈ చుట్టుపట్ల ఆడపిల్లల్ల అసొంటి చెయ్యి ఒక్కటే ఉన్నది. లడ్డూలు అందుకే వచ్చినయి. కాదా?

వస్తది తియ్యి. రాక యాడికి పోతది? మేడ్చల్ నుంచి ఇటు దాక మాలాంటోళ్ల పిల్లలు కాలు పెట్టే రింగు ఇంకోటి లేకపాయె. షెడ్డు మీది, తాళ్లు మీయి, తాళంచెవి ప్రతాపు పటేలు జేబుల. వచ్చేడు పై తూకంలనే నిలబడ్త అంటాంది. ఎక్కిన కండకు కాళ్లు కలిసేదాక కొట్టుకుంటనే ఉండాలెనట. కొట్టాలంటె మీ గడప తొక్కాలె. 'పిలుస్తరా అవ్వా?' అని మొన్ననే అడిగింది. రోషం నా ఒక్కదానికే ఉన్నది. దానికి మొయ్యనీకె వేరే బరువులున్నయి.

ఏందీ? మెల్లగ కొట్టుమని చెప్పాల్నా?

చాయ్ తాగు, సల్లారుతాంది.

అది నేను చెప్ప పటేలమ్మా. స్నిగ్ధనే నెత్తికి టోపీ గట్టిగ కట్టుకొమ్మను. మునుపు మా పిల్ల చెయ్యి తేలిక, తగిలి పోయేది. ఇప్పుడు తగిలిన కాడ ఆగుతాంది. ఆ బరువు మీరు పెంచిందే గద. మీరే ఓర్సుకోవాలె.