వినోద అప్పజెప్పిన మొక్కు

ఏంరా దుర్గేశ్, ఆ ఫోన్ పక్కకు పెట్టి ఒక్కటి చెప్పు. జైల్ల ఇద్దరు ఆడోళ్లున్నరు. ఒకామె గుండెలు బాదుకొని ఏడుస్తుంది, ఇంకొకామె అందరికి జడలేసుకుంట నవ్వుతుంది. నువ్వు ఎవరికాడ కూసుంటవ్? ఆఁ, ఏడ్చేటామె కాడనా? అక్షతా, నువ్వు గూడ గదేనా? అందరు గదే అంటరు. మా అక్క చన్నమ్మ గూడ గట్లనే అనుకున్నది. మీరు ఆమెను చూడలే, మీరు పుట్టకముందే పోయింది. జైల్ల ఆడోళ్ల దిక్కు కావలి ఉండేది. ఇంట్ల కన్నడం, బయట తెలుగు, కోపమొస్తే రెండూ. నడుముకు తాళాల గుత్తి, నోట్లె సోంపు. ఆమె కంటె ముందు సోంపు వాసనొచ్చేది. ఇప్పటికీ ఎండల వడియాలు పెడుతుంటే ఏడికెల్లో వస్తది... ఆఁ, ఏడున్న? విచారణ ఖైదీలు. అంటే శిక్ష పడ్డోళ్లు గాదు, బాగ వినుండ్రి. తప్పు చేసిండ్రా లేదా ఇంకా తేలలే, జామీను దొరకలే, గందుకని లోపలుంటరు. శిక్ష పడ్డోనికి ఎప్పుడు బయటపడ్తడో ఎరుక. వీళ్లకు గదే ఎరుకుండది. గందుకే వీళ్లను జర కనిపెట్టుకొని ఉండుమని జైలు పెద్దసారు చెప్పెటోడు. కనిపెట్టుడంటే కావలోళ్లకు తెలిసిందేంది? తింటుందా, ఏడుస్తుందా, గంతే.

వినోద కంగ్టి దిక్కు పిల్ల. పొలం గట్టు కాడి కొట్లాటల ఒకాయన పాణం పోయింది, కేసుల ఈమె పేరు గూడ రాసిండ్రు. కొత్తల అన్నం ముట్టలే, వాయిదా మీద వాయిదా. ఒకనాడు జామీను కొట్టేసిండ్రని తెలిసింది. ఇగ ఎంత ఏడుస్తదో అని అందరు పరేషాన్. ఆమెనేమో తెల్లారి తానం జేసి, నిమ్మలంగ నవ్వుకుంట అందరికి జడలేసింది. దువ్వెన తోటి ఖైదీ రోజకిచ్చింది, దుప్పటి ఓ ముసలామెకిచ్చింది. తేరుకున్నది, మంచి మనసు అనుకున్నరు కావలోళ్లు. పగటీలి చన్నమ్మను పిలిచి, "అక్కా, బోరంచ నల్లపోచమ్మకు బోనం, పచ్చచీర మొక్కుకున్న. నా దిక్కెల్లి నువ్వు తీరుస్తవా?" అన్నదట. మా అక్క పొంగిపోయింది. "ఎందుకు తీర్చనే, నాకు గూడ తల్లి గాదా!" అని ఒప్పుకొని, డ్యూటీ దిగి ఇంటిదారి పట్టింది. జొన్నచేన్ల మీద గాలి తేలిపోతుంది, కండ్ల ముందల పచ్చచీర ఆడుతుంది. చిలుకపచ్చనా, ఆకుపచ్చనా? అంచు ఎట్లుండాలె? అయ్యో, అడగకపోతి అనుకున్నది. అట్లనే నిలబడిపోయింది. మన దిక్కు ఎవరి మొక్కు వాళ్లే తీర్చుకుంటరు గద. మంచంల పడ్డోళ్లు గూడ లేచినంక పోతమంటరు గని, ఇంకొకరికి అప్పజెప్పరు. మరి అప్పజెప్పేది ఎవరు? ఆగు, ఇప్పుడే చెప్పకు, ఆలోచించు. మా అక్క చెప్పులు చేతుల పట్టుకొని వెనుకకు ఉరికింది. "ఏం చన్నమ్మా, ఏమన్న మరిచినవా?" అని గేటు కాడి జవాను తిమోతి నవ్విండు. "మరిచిన" అన్నది.

పోయి వినోద పక్కల కూసుంది. అడిగితే లేని ఆలోచన మనమే పుట్టిచ్చినట్టయితదని అందరికి భయం, ఆమెకు గూడ భయమే. గని అడిగింది, "చచ్చిపోదామనుకుంటున్నవా బిడ్డా?" నవ్వు అట్లనే ఉన్నది గని, రోజకు జడ అల్లేది ఆపిందట. "అలిసిపోయిన అక్కా" అన్నది. మా అక్క తప్పనలే, తిట్టలే. "నీ మొక్కు నేను తీర్చ. చీర ఏ పచ్చనో నాకేం ఎరుక? నువ్వే కొనాలె" అన్నది. ఆడనే కూసుంది. పెద్దసారుకు చెప్పింది, దవాఖానకెల్లి డాక్టరమ్మను పిలిపిచ్చిండ్రు. ఒంటిగ విడువలే, రోజ పక్కలనే పడుకునేది. ఒక్కనాటికి బాగైందా? కాలే. మెల్లగ, శానా మెల్లగ.

పెద్దకోర్టుల జామీనొచ్చింది. ఇద్దరు గలిసి బోరంచ పోయిండ్రు. బోనం దించి, వినోద సంచిలకెల్లి చీర తీయబోతే మా అక్క ఆమె చెయ్యి పట్టుకున్నదట. "చీర వచ్చే ఏడుకు ఉంచుకో, మల్ల రావాలె గద. తల్లి ఏమనుకోదు."

మొన్న బోరంచ జాతరల చూసిన. తల నెరిసినామె, సంకల సంచి, అండ్లకెల్లి చిలుకపచ్చ అంచు జరంత కనబడ్తుంది. బోనం దించింది, దండం పెట్టింది, సంచి విప్పకుండనే లేచి పోయింది. పిలుద్దమనుకున్న... గాలిల సోంపు వాసన...

లే, అక్షతా, మబ్బు పట్టింది. మిద్దె మీద వడియాలు సగమే ఎండినయి, తీసుకొద్దం.