నీలం అంగి

గట్లెట్లంటరు సారూ, పిల్లకు ఫోన్ ఇచ్చి నా పని నేను జేస్కుంటున్ననని? బొమ్మల సినిమాలు వెట్టి అన్నం తినవెట్టే తల్లిని గాదు నేను. మీరు డాక్టరు, మీకు ఎదురు మాట్లాడొద్దు, కని జర ఇనుండ్రి. హర్షిణిని మా తమ్మునితోని బయట కూసోవెట్టిన. దానికి ఇనవడొద్దు.

అది ఫోన్ల ఏం జూస్తదో ఎరికేనా మీకు? వాళ్ల బాపును జూస్తది.

ఆయన దుబాయ్‌ల పైపులేసే పని చేస్తడు. బిడ్డ నా కడుపుల ఉండంగ పోయిండు. ఫోన్లనే పెంచిండు సారూ బిడ్డను. నేను వంట జేసుకుంట ఫోన్ గోడకానిచ్చి పెడుతుంటి. ఆయన ఆడ తినుకుంట, ఇది ఈడ తినుకుంట ముచ్చట్లు పెట్టుకునేటోళ్లు. ఇదేమో ఫోన్‌ను ముక్కుకానిచ్చి జూసేది. మేమేమనుకున్నం? ప్రేమనుకున్నం. బాపంటె గింత పాణమా అని నవ్వుకున్నం.

కండ్లు గానక గంత దగ్గర వట్టుకుంటున్నదని ఎవ్వలికెరుక?

పోయిన ఎండకాలం ఆయన ఇంటికొచ్చిండు. మాది సుల్తానాబాద్ దగ్గర ఊరు. దుబాయ్ కెళ్లి మనిషొస్తే వాడకట్టంత మా వాకిట్లనే ఉన్నది. దూరం కెళ్లి వచ్చినోళ్లకు ముందుగాల చెంబు నీళ్లియ్యాలె గద. మా అత్త శంకరవ్వ ఆ చెంబు బిడ్డ చేతికిచ్చి, "పో, మీ బాపుకియ్యి, కాళ్లు కడుక్కుంటడు" అన్నది.

ఆయన కారు దిగి నిలవడ్డడు. కొత్తది తెల్ల అంగి. పక్కన డ్రైవర్ సదానందం పెట్టెలు దించుతుండు. గాయినది నీలం అంగి.

నా బిడ్డ చెంబు రెండు చేతుల వట్టుకొని, నీళ్లు ఒలుకుతయని దాని మీదనే చూపు వెట్టి పోయింది. పోయి సదానందానికిచ్చింది. "బాపూ, తీస్కో" అన్నది.

ఆయన రెండు చేతులు సాపి ఉన్నడు సారూ. గట్లనే ఉన్నడు.

ఎవలో నవ్విన్రు. మా అత్త మొకం మాడిపోయింది. సదానందం పాపం, ఆ చెంబు తీస్కోవాల్నో వద్దో తెల్వక పరేషాన్ అయిండు. కన్నతండ్రినే మర్చింది పోరి అని ఊరంత అనుకున్నది. నేనైతే ఏమనుదు? నాకూ గట్లనే అనిపించింది.

ఒళ్లె కూసోవెట్టుకుంటె ఆయన గడ్డం గుంజుకుంట ఆడేది. దూరంగ వాకిట్ల నిలవడి చెయ్యూపితె మాత్రం ఊకనే చూసేది. చూసినప్పుడల్లా ఆయన మనసు ఇరిగేది. "మమతా, నేను దీనికి ఫోన్ల బొమ్మనే. మనిషిని గాను" అన్నడు ఒకనాడు. సెలవులు ఒడవకముందే పోయిండు.

ఇప్పుడు నేను ఫోన్ చేస్తే ఎత్తడు. ఆయనకు బుద్ధి పుట్టినప్పుడు చేస్తడు, ఒట్టి మాటలే, మొకం చూపియ్యడు. అవ్వకు మందు గోలీలు తెచ్చిన్రా, వానలు పడ్డయా, గంతే. మళ్లెప్పుడొస్తవంటె, వచ్చి ఏం జేద్దు అంటడు.

బిడ్డ బాపేడని అడుగుతది. ఏం చెప్పుదు? వెనుక ఆయన పంపిన వీడియోలు నా ఫోన్ల ఉండె. ఒకదాంట్ల అన్నం తింటుండు, ఒకదాంట్ల మంచం మీద కూసొని దీని పేరు వెట్టి పిలుస్తుండు. అన్నిట్ల నీలం అంగే, కంపెనీ బట్టలు గద. బడికెళ్లి వచ్చిందంటె గవే చూస్తది. కండ్లు ఎర్రగైతయి, మండుతయి, నులుముకుంట మళ్ల చూస్తది. గుంజుకుందామంటె నాకు చెయ్యి రాలే సారూ. దానికి ఇంకేమున్నది?

బోర్డు మీదియి కనవడ్తలేవు మీ బిడ్డకు అని రోజారాణి టీచర్ అంటెనే మీ దగ్గరికి దెచ్చిన. మీరు అద్దాలు మార్చి మార్చి వెట్టి, "గీడ నేను నిలవడితె దీనికి నా అంగి రంగే కనవడ్తది, మొకం కనవడది" అన్నరు. మీరు మామూలుగనే అన్నరు. నా పాణం ఆన్నే పోయింది.

మీరు చెప్పినయన్ని చేస్త. ఫోన్ దాస్త. రోజు ఆరుబయట ఆడిపిస్త. పుస్తకం దూరం పెట్టిపిస్త, నడుమ నడుమ కండ్లకు ఆరామిప్పిస్త. ఆడపిల్లకు అప్పుడే అద్దాలా అని ఎవలన్న అంటె ఆళ్లతోని కొట్లాడుత.

నాకొక్క పని జేసిపెట్టుండ్రి సారూ. ఆయనకు ఫోన్ కలుపుత. బిడ్డ మర్వలేదు, దానికి కండ్లు గానలేదు అని మీ నోటితోని చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మడు, ఊకుంచనీకె అంటున్ననంటడు. మీరు చెప్తే నమ్ముతడు.

ఇగో, రింగైతుంది.

ఫోన్ కట్ జేసిండు.

ఇంకొక్కసారి సారూ. బయట మంది కూసున్నరు, నాకెరికే. ఒక్కసారి.

మళ్ల కట్ జేసిండు. పని మీదనే ఉన్నడో, నా పేరు జూసి కట్ జేస్తుండో.

ఏంది సారూ, మీ మాట రికార్డ్ చేసి పంపుమంటున్రా? పంపొచ్చు. బిడ్డ ముచ్చట్లు శాన పంపిన గట్ల. ఒక్కటి తెరవలే.

పోనియ్యుండ్రి. మీరు రాసిన కండ్ల చుక్కల మందు రోజుకు ఎన్నిసార్లెయ్యాలె?