ఈరమ్మ టికెట్టుకు ముందొక వయసు, వెనకొక వయసు

నా పేరు గోవర్ధన్. తండ్రి పేరు మొగులయ్య. వయసు ముప్పై ఆరు. ఇది పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం. అందులో పుట్టిన తేదీ జూన్ ఒకటి అని ఉంటుంది. బడిలో చేర్చుకునేటప్పుడు సారు తనకు తోచిన తేదీ రాశారు. మా తరగతిలో సగం మందిమి అదే రోజు పుట్టాం. ఈ కేసంతా వయసు గురించే కాబట్టి నా సంగతి ముందే చెబుతున్నాను.

స్వగ్రామం తొండుపల్లి. శంషాబాద్‌లో బస్టాండు ఎదుటి గల్లీలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. జిరాక్స్, లామినేషన్, దరఖాస్తులు నింపడం, రైలు టికెట్లు తీయడం నా పని. ఈ రోజు 2013 జూన్ 18, మంగళవారం. ఉదయం పదకొండు గంటలకు రైల్వే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ మేడం ముందు మాట్లాడుతున్నాను. రమ్మని కబురు వచ్చింది ఈరమ్మకు. నన్నెవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

ఈరమ్మ మా ఊరి మనిషి, నాకు వరసకు చిన్నమ్మ. భర్త గోపయ్య చనిపోయి పదకొండేళ్లయింది. పిల్లలు లేరు. ఎయిర్‌పోర్టు దగ్గరి గోదాముల్లో కాంట్రాక్టరు కింద ఊడ్చే పని చేస్తుంది. సోలాపూర్‌లో ఆమె అక్క లచ్చమ్మ ఉండేది. తోడబుట్టినవాళ్లు ఆ ఇద్దరే.

2008 జనవరిలో, ఎయిర్‌పోర్టు ఇంకా తెరవకముందు, మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పనుల కోసం క్యూ కట్టారు. కాంట్రాక్టరు మనుషులు నలభై అయిదు దాటినవాళ్లను తీసుకోబోమన్నారు. ఈరమ్మకు అప్పటికి ఓటరు కార్డు లేదు. ఫారం తీసుకుని నా దగ్గరికి వచ్చింది. వయసెంత రాయాలని అడిగాను. పని దొరికే వయసు రాయమంది. నలభై అయిదు అని రాశాను. ఆ కార్డుతోనే ఆమెకు పని దొరికింది. ఆ ఏడు అట్లా ఎంతమందికి రాశానో నాకు గుర్తు లేదు. ఎవరినీ మోసం చేస్తున్నానని అనిపించలేదు. అయినా పెన్ను నాదే. అది ఒప్పుకుంటున్నాను.

నా షాపు మీద 'అగ్గువకు రైలు టికెట్లు' అని బోర్డు ఉంది. టికెట్లు అమ్మే లైసెన్సు నాకు లేదు. నా సొంత ఐడీతో తీసి, మనిషికి యాభై రూపాయలు తీసుకుంటాను. అదీ తప్పేనని ఇప్పుడు తెలిసింది. అగ్గువ అంటే చౌక అనే, దొంగ టికెట్టు అని కాదు. ముసలివాళ్లకు, జబ్బు మనుషులకు ఏ రాయితీ ఉందో వెతికి తీస్తాను. అది నాకు గొప్పగా ఉండేది. కౌంటర్లో ఎవరూ చెప్పనిది నేను చెబుతానని నలుగురిలో అనేవాణ్ణి.

జూన్ 4, మంగళవారం, సాయంత్రం అయిదున్నరకు ఈరమ్మ షాపుకు వచ్చింది. అక్కకు బాగా లేదని, దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని చెప్పింది. కాంట్రాక్టరు పద్నాలుగో తేదీకి గానీ సెలవు ఇయ్యనన్నాడట. పద్నాలుగున మధ్యాహ్నం నాంపల్లిలో కదిలే ముంబై బండికి చూశాను. అది రాత్రి తొమ్మిదికి సోలాపూర్ చేరుతుంది. యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు సగం చార్జీయే. చిన్నమ్మా, నీకు నిజంగా ఎన్నేండ్లని అడిగాను.

"నాకేమెరుక బిడ్డా. అక్కకెరుక," అంది.

ఆమెకు ఫోను లేదు. నా ఫోను నుంచే సోలాపూర్‌కు కలిపి, స్పీకర్‌లో పెట్టాను. లచ్చమ్మ కూతురు దుర్గవ్వ ఫోను తల్లి నోటి దగ్గర పెట్టింది. గొంతు సన్నగా ఉంది, కానీ మాట తడబడలేదు. ఆమె అన్నది అన్నట్టే చెబుతున్నాను.

"మొదటిసారి ఓట్లు పడ్డ ఏడు నువ్వు పాలు తాగే పిల్లవు. అమ్మ నిన్ను సంకనేసుకొని పోయి ఓటేసొచ్చింది. నాకప్పుడు మూడేండ్లు, కొంగు పట్టుకొని నడిసిన. నువ్వేడుస్తుంటే నీ నోట్లె పెట్టుమని బెల్లం ముక్క నా చేతికిస్తే, నేనే తిన్న."

ఈరమ్మ నవ్వింది. ఇన్నేండ్లకా చెప్పేదని అడిగింది. వచ్చేటప్పుడు బెల్లం పట్టుకురా, ఇప్పుడు నా చేతితోనే పెడతానని లచ్చమ్మ అంది. తర్వాత దగ్గు వచ్చి ఫోను పెట్టేశారు. మొదటి ఓట్లు 1952లో అని నెట్‌లో చూశాను. లెక్క కట్టాను. అరవై ఒకటి. టికెట్టులో అదే కొట్టాను. సగం చార్జీకే వచ్చింది. ఇద్దరం సంబరపడ్డాం.

జూన్ 13 సాయంత్రం ఆమె టికెట్టు తీసుకుపోవడానికి వచ్చింది. నా షాపులో ఒక పద్ధతి ఉంది. ఊళ్లవాళ్లు టికెట్టు ఒక చోట, కార్డు ఒక చోట పెట్టి మరిచిపోతారని, టికెట్టు ప్రింటుకు వెనకవైపు కార్డు జిరాక్స్ పెట్టి, రెండూ కలిపి లామినేషన్ చేసి ఇస్తాను. మా దగ్గర అందరూ దాన్ని అట్ట అంటారు. ఈరమ్మకూ అట్లాగే చేశాను. అట్టకు ముందువైపు అరవై ఒకటి. వెనకవైపు 2008 జనవరి ఒకటి నాటికి నలభై అయిదు, అంటే ఇప్పటికి యాభై. రెండూ నేను రాసినవే. రెండూ నా చేతులతోనే వీపుకు వీపు అతికించాను. అంచులు కత్తెరతో గుండ్రంగా కత్తిరించాను. అట్ట మూలలు గుచ్చుకోవద్దని. మూలల మీద ఉన్న ధ్యాస వయసు మీద లేదు.

జూన్ 14, శుక్రవారం జరిగింది ఈరమ్మ తర్వాత చెప్పగా విన్నాను. బండి వికారాబాద్ దాటాక టీసీ గారు వచ్చారు. అట్ట తిప్పి చూశారు. అసలు కార్డు అడిగితే తీసి ఇచ్చింది. నీ వయసు నిజంగా ఎంత అని అడిగారు. అరవై ఒకటి అంటే కార్డు తప్పు, పని పోతుంది. యాభై అంటే టికెట్టు తప్పు. ఈరమ్మ ఏమీ మాట్లాడలేదు. మూడుసార్లు అడిగారట. మూడుసార్లూ మాట్లాడలేదు. జరిమానా కట్టేంత డబ్బు ఆమె దగ్గర లేదు. తాండూరులో నాలుగు యాభైకి దించి, పేరు, ఊరు రాసుకున్నారు. టీసీ గారి తప్పేమీ లేదు. అట్ట మీద ఉన్నదే ఆయన చదివారు. వేరే టికెట్టు కొని పోవచ్చని ఆమెకు తోచలేదు. ఆ రెండు వయసులతో ఏ బండి ఎక్కినా పట్టుకుంటారనుకుంది. నేను సరిచేస్తే తప్ప పోలేననుకుంది. తెల్లారేదాకా స్టేషన్లోనే కూర్చుని, పొద్దున బండికి వెనక్కి బయలుదేరింది.

జూన్ 15, శనివారం ఉదయం ఏడు పదికి నాకు ఫోను వచ్చింది. దుర్గవ్వ.

"అన్నా, అమ్మ ఆరున్నరకు పోయింది. చిన్నమ్మ ఏది? రాత్రి తొమ్మిది సంది బండొచ్చిందా, బండొచ్చిందా అని అడుగుతనే ఉండె."

అప్పటిదాకా ఈరమ్మ అక్కడే ఉందని నేను అనుకున్నాను.

పన్నెండు నలభైకి ఈరమ్మ షాపు మెట్లెక్కింది. చేతిలో సంచి ఉంది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. జరిగింది చెప్పి, అట్ట నా టేబుల్ మీద పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంకోటి కొట్టు బిడ్డా. గీసారి పూరా పైసలు పెట్టి కొట్టు. అక్క ఎదురు చూస్తది," అంది.

మేడం, నేను చెప్పలేకపోయాను. కంప్యూటర్ ముందు కూర్చుని టికెట్టు పేజీ తెరిచాను. నాంపల్లి కొట్టాను. సోలాపూర్ కొట్టాను. ఈరమ్మ అని కొట్టాను. వయసు గడి దగ్గరికి వచ్చి ఆగాను. ఆమె నా భుజం మీది నుంచి చూస్తోంది.

"బండిల ఎవరూ అడగని వయసు పెట్టు," అంది.

అప్పుడు చెప్పాను. ఈరమ్మ ఏడవలేదు. ఎన్నింటికి పోయిందని అడిగింది. ఆరున్నరకు అన్నాను. బండి ఎన్నింటికి చేరేదని అడిగింది. తొమ్మిదికి అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిదిన్నర గంటలు. అక్క పక్కన కూర్చోవడానికి తొమ్మిదిన్నర గంటలు ఉండేవి. సంచిలోంచి బెల్లం ముద్ద తీసింది. ఎండకు కరిగి కాగితానికి అంటుకుపోయింది. దాన్ని అట్ట పక్కన పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం నాలుగింటికి సోలాపూర్‌లో లచ్చమ్మను మట్టి చేశారు. బెల్లం ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. చీమలు పట్టాయి. తీయబుద్ధి కాలేదు.

నిన్న సాయంత్రం తొండుపల్లికి వెళ్లి ఆమెతో ఒక మాట అన్నాను. అది కూడా రాసుకోండి. కార్డే నిజమని, డబ్బుకు ఆశపడి టికెట్టులో అరవై ఒకటి నేనే దొంగగా కొట్టానని చెబుతానన్నాను. అప్పుడు ఆమె పని నిలుస్తుంది. కాంట్రాక్టరు యాభై అయిదు దాకా ఉంచుతాడు. జైలో జరిమానానో నేను చూసుకుంటానన్నాను. ఈరమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది.

"అక్క చెప్పిన మాటను అబద్ధం చెయ్యకు బిడ్డా. పని పోతే పోనియ్యి," అంది.

అరవై ఒకటి అనడానికి ఆధారం ఏమిటని మేడం అడిగారు. కాగితం ఏదీ లేదు. ఆమె తల్లి లేదు. ఆమె పుట్టుక ఎరిగిన మనిషి లచ్చమ్మ ఒక్కతే, ఆమె శనివారం పొద్దున పోయింది. పోకముందు ఆ సంగతి స్పీకర్‌లో చెబుతుంటే పక్కన ఉండి విన్నవాణ్ణి నేను. అందుకే వచ్చాను. ఈ టికెట్టులో ఒక్కటే నిజం ఉంది. అది ఆమె వయసు.

తొండుపల్లి ఈరమ్మకు అరవై ఒక్క ఏళ్లు. కార్డు మీది వయసు అబద్ధం, అది రాసింది నేను. ఈ కాగితంలో ఉన్న ప్రతి మాటా నేను చెప్పిందే. ఎవరి బలవంతం లేదు. మేడం చదివి వినిపించగా విన్నాను. వయసు ఉన్న చోట మళ్లీ చదవమని అడిగాను. రెండుసార్లు చదివారు. సరిగ్గానే ఉంది.

సంతకం
ఎం. గోవర్ధన్