కన్ను కొట్టి కొన్న చేపలు

2003, బందరు. డాక్టరు జకరయ్య ఆక్యుపంక్చర్ క్లినిక్. రేవులో చేపలు కొని ఊళ్లకి వేసే రాజబాబు మూతి వంకరపోయి మూడు వారాలైంది. బల్ల మీద పడుకుని ఉన్నాడు, మొహం నిండా సూదులు. పక్కన స్టూలు మీద భార్య లక్ష్మీకాంతం, ఓపికంతా అయిపోయి.

"మూతి సంగతి తర్వాత డాక్టరు గారూ, ముందు ఆ కన్ను చూడండి. రేపు తెల్లారేసరికి బాగవ్వాలి."

"ఇవాల్టికి తొమ్మిదో సిట్టింగేనమ్మా. సూదులు నిదానంగా..."

"పావురం రక్తం రాశాం, తగ్గలేదు. మీరేమో జబ్బు మూతికైతే చేతికి కూడా సూది గుచ్చుతున్నారు. గుచ్చండి, నేనేమన్నా అన్నానా? ఆ కన్ను మాత్రం ఆపండి."

"కన్నేం చేసిందమ్మా?"

"కొడుతోందండీ."

"కొట్టడం కాదది. కుడిపక్క నరం పనిచెయ్యట్లేదు కదా, ఆ కన్ను మూతపడదు. రెప్ప వేసినప్పుడల్లా ఎడమదే మూసుకుంటుంది. చూసేవాళ్లకి..."

"చూసేవాళ్లకి పాట పెంచినట్టండీ! మా రేవులో వేలంపాట నోటితో పాడరు. పక్కవాడికి తెలియకుండా కన్ను కొడతారు. ఈయన రెప్ప వేస్తే చాలు, గంప మాదే!"

"అయ్యో. కొన్నాళ్లు రేవుకి వెళ్లకుండా ఇంట్లో ఉండచ్చుగా రాజబాబు గారూ?"

"ఊరికే... చూసొద్దామని..."

"ఊరికే చూసి ఈ మూడు వారాల్లో పదకొండు గంపల సావళ్ల చేపలు తెచ్చారు! పెరట్లో ఎండబెట్టాను, డాబా మీద ఎండబెట్టాను, చోటు చాలక బట్టల తీగ మీద నా చీరల పక్కన వేలాడదీశాను. పోస్టుమాన్ లోపలికి రాకుండా ఉత్తరాలు గోడ మీంచి విసిరేసి పోతున్నాడు."

"నల్ల కళ్లజోడు పెట్టుకుంటే పోయేదమ్మా."

"కొనిచ్చాను. సముద్రంలో పడిపోయిందట."

"గాలికి..."

"మరి రెండోది?"

"అదీ... గాలికే."

"విన్నారా? ఇదంతా ఒక ఎత్తు. ఆ గంపలు ఎవరివనుకున్నారు? మా తమ్ముడు నాగేంద్రబాబు బోటువి!"

"అన్నీనా?"

"అన్నీ! మూడేళ్ల నుంచి వీళ్లిద్దరికీ మాటల్లేవండీ. మేనకోడలి పుట్టినరోజు భోజనాల్లో ఈయనకి పండుగొప్ప చేప తలకాయ వెయ్యకుండా తోక ముక్క వేశాడని."

"తోక కూడా సగమే."

"మీరు ఆగండి! వాడితో మాట్లాడనని నా మీద ఒట్టేశారు. నేను పుట్టింటి గడప తొక్కి మూడేళ్లు. రేపు వాడి బోటు మళ్లీ వస్తోంది. బావ కావాలనే కన్ను కొట్టి నన్ను వెక్కిరిస్తున్నాడని వాడు అనుకుంటే? నాకిక తమ్ముడు లేనట్టే కదండీ. అందుకే బతిమాలుతున్నా, రేపటికల్లా..."

"ఏడవకండమ్మా. రాజబాబు గారూ, మొహం మీద సూదులు తీసేశాను. ఏదీ, ఓసారి నవ్వండి... ఇదేంటి?"

"ఏంటండీ?"

"మూతి కుడికి వెళ్తోంది."

"వంకర కదండీ మరి."

"మొదటి రోజు ఎడమకి వెళ్లింది. ఇదిగో, రాసుకున్నాను. జబ్బు పక్కలు మారదండీ."

"...ఎడమకేనా?"

"ఎడమకే."

"ఇలాగా?"

"ఏవండీ!"

"కదలకండి. కళ్ల ముందు చిటికేస్తున్నా... చూశారామ్మా? రెండూ మూసుకున్నాయి, శుభ్రంగా. ఎప్పట్నుంచండీ ఇది?"

"అయిదో సిట్టింగ్ నుంచి."

"మరి ఆ పదకొండు గంపలూ?!"

"మొదటి గంప నిజంగా జబ్బే లక్ష్మీ. రెప్ప వేశాను, పాట నాకు పడింది. మీ తమ్ముడు ఆ గంప నా బండి దాకా తనే మోసుకొచ్చి, 'బావా, మూతికేమైంది?' అన్నాడు. మూడేళ్లకి! ఇంక ఆగలేకపోయాను. రెండో గంపకి 'మందు వాడుతున్నావా?' అన్నాడు. మూడో గంపకి 'అక్కెలా ఉంది?' అన్నాడు."

"మీరేమన్నారు?"

"మూతి బాగాలేనోణ్ణి, ఏమంటాను? మాట్లాడనని ఒట్టేశాను. కన్ను కొట్టనని వెయ్యలేదుగా."

"అక్కెలా ఉందని అడిగాడా వాడు!"

"లక్ష్మీ? కోపమొచ్చిందా?"

"అమ్మా, చేతి సూది కూడా తీసేస్తున్నాను. జబ్బు పూర్తిగా తగ్గిపోయింది, ఇంక రానక్కర్లేదు."

"ఆగండాగండి, తియ్యకండి! డాక్టరు గారూ... ఆ మూతి మళ్లీ పక్కకి తిప్పే సూది ఏమన్నా ఉందా?"