అన్నయ్య పెళ్ళికి దిగిన దూలం

“అమ్మమ్మా, మీ పాత ఇల్లు కూలిపోబోయిందంట, నిజమా?”

నిజమే తల్లీ. ఆ ఫోను ఇటు పెట్టు, ఇనపడాల కదా. అప్పుడు మాకు సింగపూర్లో ఈ టోవా పాయో ఫ్లాటెక్కడిది? లిటిలిండియా సందులో ఉండీవోళ్ళం. కింద బట్టలకొట్టు, మేడమీద మేము. కిందంతా ఇటికే, మీదంతా చెక్కే. మేం నడిస్తే కొట్టోడి నెత్తిన దుమ్ము రాలీది.

మొదట్లో మేడంతా ఒకటే గది. ఊరినించి బాబాయిలొచ్చేరు, పిన్నులొచ్చేరు. ఒకలొచ్చినప్పుడల్లా మా నాన్న ఓ చెక్కగోడ కట్టీవోడు. ఇంటి మజ్జిన, గాలి రావడానికి, ఆకాశం కనపడీ ఖాళీ ఉండీది. దానిమీదా రేకు కప్పీసి వంటగది చేసేడు. ఆ రేకు సందులోంచి వాన కారి కారి పెద్ద దూలం కొస పుచ్చిపోయింది. ఎవలికి తెలుసు? బయటికి బాగానే ఉండీది.

ఇంతలో మా పెద్దన్నయ్య పెళ్ళి కుదిరింది. ఇంట్లోనే చేద్దారన్నారు. చోటు చాలదని మజ్జినున్న చెక్కగోడ తీయించడానికి చైనా వడ్రంగి... కాదు కాదు, ఆయన తరవాతొచ్చేడు. ముందొచ్చినోడు వేరే. పలకలు ఊడదీస్తన్నాడు. అమ్మేమో ఆ గోడ పక్క గదిలో టేకు బీరువాలోంచి పెళ్ళి చీరలు తీస్తంది. పైన కిర్రుమంది!

“అమ్మా, బయటికి రాయే!” అని అరిసేను.

“ఉండవే, మడత నలిగిపోద్ది,” అంటది!

అన్నయ్య దూకి, అమ్మ రెక్క పట్టుకుని లాగీసేడు. అంతే, దూలం దిగిపోయింది.

ఏటీ కనపడదు, దుమ్ము. నాన్న మెట్లకాడ నిలబడి ఒక్కొక్కల్నీ పేరెట్టి పిలుస్తన్నాడు. అందరం పలికేం. దుమ్ము తగ్గేక చూస్తే, దూలం బీరువా నెత్తిన కూకునుంది.

అప్పుడొచ్చేడు చైనా ఆయన. కొస పుచ్చిపోయిన కాడినించీ మేం తీయించిన ఆ చెక్కగోడే దూలాన్ని మోస్తందట! ఇనప గుంజలు పెట్టి, “ఇంక ఏనుగెక్కినా పర్లేదు. బీరువా మాత్రం కదపొద్దు,” అన్నాడు. ఏం చేస్తాం? అమ్మ దానికి పసుపు రాసి, బొట్టెట్టి, మావిడాకులు కట్టింది. అటు పెళ్ళిపీటలు, ఇటు చుట్టాలు, మజ్జిని బీరువా! భోజనాలకి కొట్టోడు కొట్టు ఖాళీ చేసిచ్చేడు, మంచోడు.

దూలం దిగిన కాడినించీ నాన్న కునుకు తియ్యలేదమ్మా, పైకి చూస్తా ఉండీవోడు. పెళ్ళయిపోయింది, అందరూ తిన్నారు. మజ్జేనం ఏడీ అని ఎతికితే, ఆ దూలం కిందనే చాపేసుకుని గురక పెడతన్నాడు. అమ్మ చూసి, నోటికి కొంగడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నవ్వుతానే ఏడిసీసింది.

హమ్మయ్య అనుకున్నాం తల్లీ. మీరూ అలాగే అందరూ ఒక్కకాడ చల్లగా ఉండాల... ఆ, చెక్కనేల చప్పుడవుద్దని, నాన్నకి మెలకువొచ్చీదాకా ఎవలం అడుగు తీసి అడుగెయ్యలేదు.