చరిత్ర పుస్తకంలో కప్ప

వజ్రకరూరు పక్కన ఒక పల్లె. ఇంటి ముందర అరుగు మీద నరసింహప్ప, ఆయన కూతురు, అనంతపురంలో బీఏ చదివే నందిని.

"చరిత్ర పుస్తకంలో కప్ప ఎందుకుండాది పాపా?"

"ఏం కప్ప?"

"ఇదో. పొట్ట కోసి పెట్టినారు. ఏ రాజు చంపినాడు దీన్ని?"

"నా సంచి ఎందుకు ఎతికినావు నాయనా?"

"ఛార్జరు కోసం. రాజు పేరు చెప్పు."

"రాజు లేడు, ఏం లేడు. అది బయాలజీ. పైన అట్ట మాత్రమే చరిత్రది."

"మళ్లీ ఆ నీట్ పరీక్షేనా?"

"ఊ."

"రెండుసార్లు రాసినా సీటు రాల్యా కదమ్మే! ఇంక డాక్టరు మాట ఎత్తనని చెప్పే కదా బీఏలో చేరింది?"

"బీఎస్సీ అయితే పొద్దస్తమానం ల్యాబులు, రికార్డులు. చరిత్రకు అవేం లేవు. రాజులంతా సచ్చిపోయినోళ్లే, వాళ్లకేం తొందర? పరీక్షకు ముందు ఒక వారం చదివితే చాలు. మిగిలిన ఏడాదంతా కప్పలే."

"అంటే నన్ను మోసం చేసినావు."

"నువ్వు అడగల్యా, నేను చెప్పల్యా. మన ఊర్లో సూది ఏసేది ఎవరు నాయనా? మందుల షాపు మారుతి. వాడు పది తప్పినాడు. నాకు డాక్టరే కావాల. ఇంకేం వద్దు."

"ఎప్పుడు పరీక్ష?"

"ఉండాదిలే."

"ఎప్పుడమ్మే?"

"ఆదివారం."

"యా ఆదివారం?"

"వచ్చే ఆదివారమే."

"ఆ పొద్దు బోరు బండి వస్తాండాది! ఇంటి ఆడబిడ్డ పూజ చేసి టెంకాయ కొట్టందే బోరు మొదలుపెట్టేది లేదని తెలీదా?"

"అమ్మ కొట్టకూడదా?"

"మీ అమ్మ కోడలు. ఆడబిడ్డవి నువ్వే."

"ఎన్నో బోరు ఇది?"

"నీకెందుకు?"

"ఎన్నోది నాయనా?"

"ఎనిమిదోది."

"ముందర ఏసిన ఏడింట్లో ఏమొచ్చింది?"

"దుమ్ము. తెలిసీ అడుగుతావేం?"

"ఏడుసార్లు దుమ్ము లేపి నువ్వు ఎనిమిదోది ఏయొచ్చు. నేను మూడోసారి పరీక్ష రాయకూడదు."

"అది వేరే. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగినా. నీళ్లుండే తావున కాయ దానంతటదే లేసి నిలబడింది. నీ పరీక్షకు ఏ కాయ నిలబడింది?"

"అయితే తే."

"ఏంది?"

"కాయ తే. ఈ పుస్తకం మీద పట్టు. నిలబడితే పరీక్షకు పోతా. లేకుంటే పూజకొస్తా, మళ్లీ డాక్టరు మాట ఎత్తను."

"మాట మీద ఉంటావా?"

"ఉంటా."

"సరే, ఇదో కాయ. చూడు."

"చెయ్యి కదిలించొద్దు నాయనా."

"నేను కదిలిస్తానా? ఊరందరికీ బోరు పాయింట్లు చూపించేటోణ్ణి!"

"లేస్తాండాదా?"

"గమ్మునుండు."

"లేసిందా?"

"లేదు. పండుకొనే ఉండాది."

"ఇంకొంచెంసేపు పట్టు."

"ఎంతసేపు పట్టినా అంతే."

"సరే. ఆదివారం పూజకే వస్తా. పుస్తకం ఇట్లియ్యి."

"ఏడుస్తాండావా?"

"లేదు."

"ఆగు తిక్కదానా. మన చేన్లో ముందర ఏడుసార్లు కాయ లేసి నిలబడింది. ఏడింట్లో చుక్క నీళ్లు రాల్యా. ఈసారి నిలబడకుండా పండుకొనింది, మంచిదే. పో, పోయి పరీక్ష రాయి."