తూర్పింటి గరిటెడన్నం

దగ్గరికి జరగండమ్మా. వెనకాల కూర్చున్న పెద్దాయన కూడా ఇట్టా ముందుకి రండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. నాంచారమ్మని ఒక ముసలామె ఉండేదంట. మొగుడు లేడు, బిడ్డల్లేరు, చేలో వంగే ఓపికా లేదు. అయినా ఆమెని ఆ ఊళ్ళో ఎవరూ లేనిదని అన్లేదంట. ఎందుకంటే ఆ ఊరికో పద్ధతుంది. ఊరంటే ఎంత, ఒక్క వీధనుకో. వంట దిగంగానే ప్రతి ఇల్లాలూ మొదటి గరిటె తీసి తనకి తూర్పునున్న ఇంట్లో ఇచ్చి రావాల. తూర్పు చివరింటామె వీధంతా నడిచి పడమటి చివరింట్లో ఇచ్చి రావాల. అంటే అందరూ ఇస్తారు, అందరూ పుచ్చుకుంటారు. నాంచారమ్మకి పడమటింటి కోటమ్మ అన్నం తెచ్చేది. మరి నాంచారమ్మ ఏమిచ్చేదంటారా, వాకిట్లో, చేలగట్ల మీద ఏరిన ఆకుకూర ఉడకేసి తూర్పింటికి పట్టుకుపోయేది. ఆ కూర కోసం ఆ ఇంటి పిల్లలు కొట్టుకునేవోళ్ళంట, అదొకటి.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఆ దేశపు రాజు అటుగా పోతా ఆగాడు. మంచోడే, చెడ్డోడని నేననను. ఆడోళ్ళు గిన్నెలు పట్టుకుని తిరగటం చూసి ఇదేందయ్యా అని మంత్రినడిగాడంట. మంత్రి వాకబు చేసొచ్చి, ప్రభూ, ఈ వీధిలో తిండికి లేనిది నాంచారమ్మ ఒక్కతే, ఆమె కోసం ఊరంతా గిన్నెలు మోస్తంది అన్నాడు. రాజుకి జాలేసింది. ఇంతమందికి శ్రమ దేనికి, రేపట్నుంచి మానెయ్యండి, ఊరి బయట నా ధాన్యపు కొట్టు తెరిపిస్తా, లేనోళ్ళెవరో వాళ్ళే వచ్చి బియ్యం తీసుకుపోతారు అన్నాడు. సబబుగానే ఉంది గదా, మీరైనా అదే అంటారు.

కోటమ్మకి మాత్రం చెయ్యి ఊరుకోలా. మర్నాడు గరిటెడన్నం గిన్నెలో వేసుకుని గుమ్మం దాకా వస్తే కోడలు అడ్డమొచ్చి, "రాజుగారు బియ్యమిచ్చాక నీ మెతుకులెవరిక్కావాల అత్తా? నలుగురూ నవ్వుతారు," అందంట. కోటమ్మ వెనక్కి తిరిగింది.

నాంచారమ్మ కొట్టుకాడికి పోయింది, ఒకే ఒక్కసారి. "లేనోళ్ళు ఈ పక్క నిలబడండి," అని గుమాస్తా కేకేశాడంట. ఆ పక్కన నిలబడింది ఆమె ఒక్కతే. దారిన పోయేవోళ్ళు చూస్తన్నారు. అన్నేళ్ళు తూర్పింటికి కూరిచ్చిన మనిషి గదా, "ఊరికే చూసిపోదామని వచ్చాను నాయనా," అని ఒడి దులుపుకుని తిరిగొచ్చింది. మళ్ళీ పోలేదు. రాలేదంటే ఆకలి లేదని గుమాస్తా అనుకున్నాడు. రాజుగారు పెడతన్నారని కోటమ్మ అనుకుంది. కోటమ్మ చూస్తదిలే అని తూర్పింటోళ్ళు అనుకున్నారు. పైగా ముసురు పట్టింది. ఎవరి తలుపులు వాళ్ళేసుకున్నారు.

ముసురు తెరిపిచ్చిన రోజు కోటమ్మ వెళ్ళి, "నాంచారమ్మొదినా," అని పిలిచింది. పలకలా. తలుపు తోసి చూస్తే గోడకానుకుని ఉంది, ఒళ్ళు చల్లబడిపోయింది. పక్కన గిన్నె, దాని మీద ఆకు మూత. తీస్తే ఉడకేసిన కూర, గరిటెడు. తూర్పింటి వంతు. ఇవ్వబోతే రాజుగారు వద్దన్నారు, తిందామంటే అది తనది కాదు. ఆకలితో పోతా కూడా ముట్టుకోలేదు చూడండి. ఉండండమ్మా, ఈ చోటికొచ్చేసరికి నాకు ఎప్పుడూ ఇంతే.

రాజుకి కబురెళ్ళింది. పరిగెత్తుకొచ్చి, నేను బియ్యం పెట్టించాను గదమ్మా, తప్పెవరిది అని అడిగాడంట. కోటమ్మ తలెత్తలేదు. "తమరు దూరాన ఉంటారు బాబూ, మీకేం తెలుస్తది. రోజూ ఆ తలుపు తీసింది నేను. తీయొద్దంటే ఊరుకుంది కూడా నేనే." రాజు ఆ గడప మీదే కూలబడి, పాత పద్ధతే కానివ్వండని చెప్పి పోయాడు. మర్నాడు కోటమ్మ గరిటెడన్నం పట్టుకుని బయల్దేరితే, ఒకిల్లు దాటి పోవాల్సొచ్చిందంట.

రాజులన్నాక చట్టాలు చేస్తారు, చేయనీండి. కొట్లూ ఉండాల, నేను కాదనను. ఆ రామయ్యతండ్రి మీద ఒట్టేసి ఒక్కటే అడుగుతున్నా. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరగబాకండి. ఇంటికెళ్ళి మొదటి గరిటె పక్కింట్లో ఇవ్వండి, ఇచ్చి తిన్నారా అని అడగండి. రేపూ అట్టాగే చెయ్యండి. కోడళ్ళు నవ్వితే నవ్వనీండి.